నీళ్ళ తొండకి అద్దం అర్థం కాదు

పోయిన నెల హాస్టల్‌లో మా రూమ్మేట్ ఒక రీల్ చూపించాడు. ఆకుపచ్చటి బల్లి లాంటిది ఒకటి, ఒంటికంటే రెండింతలు పొడవున్న తోకతో, ఎవరో కుర్రాడి భుజం మీద దర్జాగా కూర్చుని ఉంది. "మామా, మనం కూడా ఒకటి తెచ్చుకుందాం రా. నలుగురం చందా వేసుకుంటే ఎంతవుతుంది?" అన్నాడు. మిగతా ఇద్దరూ వెంటనే సరే అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు అని అడిగితే మాత్రం రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పలేకపోయిందే ఇప్పుడు ఇలా రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే ఎడిటర్లు సర్దుకోవాలి.

ఆ రీల్‌లో ఉన్నది చైనీస్ వాటర్ డ్రాగన్. పేరులో చైనా ఉంది గానీ దాని ఊరు చైనా ఒక్కటే కాదు. వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్, దక్షిణ చైనా, ఈ దేశాల తడి అడవుల్లో వాగుల పక్కన ఉంటుంది. 1829లో క్యువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీనికి ఫిసిగ్నాథస్ కోసిన్‌సైనస్ అని పేరు పెట్టాడు. ఆ కోసిన్ మన కేరళ కొచ్చిన్ కాదు, కొచ్చిన్‌చైనా, అంటే ఇప్పటి దక్షిణ వియత్నాం. మగది తోకతో కలిపి దాదాపు 90 సెంటీమీటర్లు పెరుగుతుంది. అందులో మూడింట రెండొంతులకి పైగా తోకే. పగలు వాగు మీదికి వంగిన కొమ్మ మీద ఎండ కాచుకుంటుంది, రాత్రి కూడా అలాంటి కొమ్మ మీదే పడుకుంటుంది. ఏదైనా అలికిడైతే ఆలోచన లేదు, కొమ్మ వదిలేసి దభీమని నీళ్ళలోకి దూకేస్తుంది. నీళ్ళ అడుగున చాలాసేపు ఊపిరి బిగబట్టి ఉండగలదు. నడినెత్తి మీద చిన్న చుక్కలా ఒక మూడో కన్ను కూడా ఉంటుంది. దానితో బొమ్మలు కనపడవు, వెలుగూ నీడా తెలుస్తాయి.

ఇదంతా నేను గూగుల్ చేసి రాయట్లేదు. ఒక వేసవి సెలవులంతా ఇలాంటి ఒకదానికి నేను సేవ చేశాను.

మా పెద్దనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2023 మొదట్లో జానెడు పిల్లని ఒక షాపులో కొని కూకట్‌పల్లి ఫ్లాట్‌కి తెచ్చాడు. రోబో సినిమాలో లాగా రెప్ప వేయకుండా చూస్తుందని "చిట్టి" అని పేరు పెట్టాడు. పెద్దమ్మ మాత్రం మొదటి రోజే దాన్ని చూసి "ఇదేంట్రా, నీళ్ళ తొండలా ఉంది" అంది. డ్రాగన్ అని డబ్బులు పోసి కొన్నదాన్ని తొండ అంటుందేంటని అన్నయ్యకి కోపం వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే పెద్దమ్మ చెప్పిందే సైన్సు. మన గోడల మీద తిరిగే తొండా, ఇదీ ఒకే కుటుంబం, అగామిడే. డ్రాగన్ అన్నది అమ్మేవాళ్ళకి పనికొచ్చే పేరు.

మొన్న మే నెలలో నా సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆరు వారాలు వాళ్ళింట్లో ఉన్నాను. అన్నయ్యకి ఆ టైంలో రిలీజులు, రాత్రి పన్నెండుకి గానీ వచ్చేవాడు కాదు. "చిట్టిని నువ్వు చూసుకోరా, నీకు ప్రాజెక్టులా ఉంటుంది" అన్నాడు. నేను నిజంగానే ప్రాజెక్టులాగే తీసుకున్నాను. సీఎస్ వాళ్ళ జబ్బే అది కదా, ఏది చూసినా ఇన్‌పుట్, అవుట్‌పుట్.

ఎండ కాచుకునే చోట 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, నీడ వైపు 26 దాకా. గాలిలో తేమ 70, 80 శాతం. హైదరాబాద్ మే నెలలో ఇది ఎంత కష్టమో ఆలోచించండి. బయట 41 డిగ్రీలు, గాలి ఎండిపోయి ఉంటుంది. ఏసీ వేస్తే ఉన్న తేమ కూడా పోతుంది, ఆపితే చిట్టి ఉడికిపోతుంది. నేను ఒక ఈఎస్‌పీ32 బోర్డు తీసుకుని రెండు డీహెచ్‌టీ22 సెన్సార్లు తగిలించాను. తేమ తగ్గితే రిలే ఆన్ అయ్యి నీళ్ళు తుంపరగా చిమ్మే పంపు పెట్టాను. ఫోన్‌లో డ్యాష్‌బోర్డ్, తేడా వస్తే టెలిగ్రామ్‌లో మెసేజ్. కరెంటు పోతే ఇన్వర్టర్. నాలుగో రోజుకల్లా అన్ని గీతలూ పచ్చగా, నిటారుగా వచ్చాయి. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

తిండి ఇంకో పెద్ద కథ. కీచురాళ్ళూ, డూబియా బొద్దింకలూ దాని మెనూ. వాటిని పట్టుకొచ్చి ఊరికే పడేస్తే సరిపోదు. ఈ పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకని ముందు పురుగులకి ఆకుకూరలు పెట్టి మేపాలి, తర్వాత వాటి మీద కాల్షియం పొడి చల్లాలి. ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే డీ3 విటమిన్ కావాలి, డీ3 తయారు కావాలంటే యూవీబీ వెలుగు పడాలి. కిటికీ పక్కన పెడితే చాలనుకుంటారు చాలామంది. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. దానికోసం వేరే బల్బు కొనాలి. ఆ బల్బు కూడా ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి, ఎందుకంటే మన కంటికి వెలుగుతూనే కనపడుతుంది గానీ అందులో యూవీబీ అయిపోయి ఉంటుంది. మార్చకపోతే ఎముకలు మెత్తబడతాయి, దవడ రబ్బరులా అవుతుంది, కాళ్ళు వంకర పోతాయి. ఇక నీళ్ళ తొట్టి. అది ఈదేది అందులోనే, తాగేది అందులోనే, దొడ్డికి వెళ్ళేదీ అందులోనే. రోజూ కడగాలి. కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు కాబట్టి.

ఇవన్నీ చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు. అయినా రెండో వారంలో చిట్టి ముక్కు మీద ఎర్రటి మచ్చ కనపడింది.

మొదట ఎక్కడో గీరుకుందనుకున్నాను. తర్వాత కాసేపు కూర్చుని చూస్తే అర్థమైంది. అది అద్దం దగ్గరికి వచ్చి ముక్కు ఆనించి ఆ చివర నుంచి ఈ చివరకి తోస్తూ నడుస్తోంది. మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి. ఉన్నట్టుండి దూకి మూతి కొట్టుకుంటుంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. నేను డ్యాష్‌బోర్డ్ తీసి చూశాను, టెంపరేచర్ 33, తేమ 76. అంతా పచ్చగా ఉంది.

పెద్దమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. "ఒరేయ్ నాన్నా, దానికి బయటికి పోవాలని ఉందిరా. నీ ఫోన్లో అది చూపించదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. దానికి సెన్సార్ లేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది చిట్టి ఒక్కదాని కథ కాదు. వాటర్ డ్రాగన్లని పెంచేవాళ్ళందరికీ తెలిసిన సమస్య ఇది. వాటికి అద్దం అర్థం కాదు. కొన్ని కోట్ల ఏళ్ళుగా వాటి పూర్వీకులకి వచ్చిన తెలివి ఒక్కటే: ముందు ఖాళీగా కనపడితే దూకు, బతుకుతావు. కనపడుతూ కూడా అడ్డుపడే వస్తువు ఒకటి ఉంటుందని ఏ వాగూ వాటికి నేర్పలేదు. ముక్కు చర్మం పోతుంది, పుండవుతుంది, అందులో చీము పడుతుంది, ముదిరితే దవడ ఎముకకి పాకుతుంది.

చిట్టికి చీము దాకా వచ్చింది. డాక్టర్ కోసం ఫోన్లు చేస్తే చాలాచోట్ల "కుక్కలూ పిల్లులూ మాత్రమే చూస్తాం" అన్నారు. చివరికి సిటీ ఆ చివర ఒకాయన సరీసృపాలని చూస్తారని తెలిసింది. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి ఆటోలో తీసుకెళ్ళాను. ఆయన పుండు శుభ్రం చేసి యాంటీబయాటిక్ రాశారు. నేను ఆయన ముందు కొంచెం గొప్పగా "మా చిట్టి బాగా మచ్చికైంది సార్, తల నిమిరితే హాయిగా కళ్ళు మూసుకుంటుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. "అది హాయి కాదు బాబూ. పారిపోవడానికి దారి లేనప్పుడు చాలా బల్లులు అలా కళ్ళు మూసుకుంటాయి" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పటిదాకా నేను దాని మీద ప్రేమతో తీసుకున్న వీడియోలన్నిటిలో అది కళ్ళు మూసుకునే ఉంది.

ఇక్కడ ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. చిట్టితో గడిపిన ఆరు వారాల్లో నాకు నిజమైన సంతోషం ఉంది. పొద్దున్నే అది తుంపర తగిలి మెరుస్తుంటే, తల పైకీ కిందికీ ఊపుతుంటే, ఒక్క దూకులో కీచురాయిని పట్టుకుంటే చూడటం నాకు ఏ వెబ్ సిరీస్ ఇవ్వని ఆనందం. ఇలాంటి జీవులని పెంచేవాళ్ళంతా క్రూరులని నేను అనను. నా కంటే వందరెట్లు బాగా, ఒక గదినే అడవిలా మార్చి పెంచేవాళ్ళున్నారు. కానీ పెద్దదానికి కనీసం ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉన్న ఇల్లు కావాలంటారు. మన హాస్టల్ రూమ్‌లో నలుగురికి కలిపి ఒక్క ఫ్యాన్. మా రూమ్మేట్ దాన్ని ఎక్కడ పెడదామనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

"మరి కుక్కల్ని పెంచుకుంటాం కదా?" అని అడుగుతారు. కుక్క వేల ఏళ్ళుగా మనతో ఉంది, మనిషి పక్కన బతకడమే దాని బతుకైపోయింది. తలుపు తీసి వదిలినా సాయంత్రానికి ఇంటికొస్తుంది. చిట్టికి తలుపు తీస్తే వెనక్కి తిరిగి చూడదు. "అడవిలో పట్టింది కాదు, ఫామ్‌లో పుట్టిందే కొంటాం" అంటారు ఇంకొందరు. కొంత మేలే. కానీ ఒక్క తరం ఫామ్‌లో పుట్టినంత మాత్రాన కొమ్మ మీంచి దూకే బుద్ధి పోదు. జూల్లో ఏళ్ళ తరబడి పెంచినవాళ్ళకే ఇది ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అమెరికాలో స్మిత్సోనియన్ నేషనల్ జూలో 2016లో ఒక ఆడ వాటర్ డ్రాగన్ మగదాని ప్రమేయం లేకుండానే పిల్లని కంది. వాళ్ళే ఆశ్చర్యపోయి జన్యు పరీక్షలు చేసి నిర్ధారించుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి మనకి అన్నీ తెలిసిపోతాయా?

ఇప్పుడు చట్టం సంగతి. అన్నయ్య కొన్నప్పుడు షాపువాళ్ళు ఒక్క కాయితం కూడా ఇవ్వలేదు. "ఫారిన్ జీవి సార్, దీనికి రూల్సేం లేవు" అన్నారట. అది అబద్ధం. 2022 చివర్లో పనామాలో జరిగిన సైటీస్ సమావేశంలో ఈ జీవిని రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశాల మధ్య దీని వ్యాపారం మీద అదుపు ఉంటుంది. అదే ఏడాది మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, సైటీస్ జాబితాలోని విదేశీ జీవులకి నాలుగో షెడ్యూల్ పెట్టారు. 2024 ఫిబ్రవరిలో రూల్స్ వచ్చాయి. ఇలాంటి జీవి ఉన్నవాళ్ళు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. అన్నయ్య ఇచ్చిన గడువు ఆఖరి వారంలో ఉరుకులు పరుగుల మీద నమోదు చేశాడు. ఇంకో మాట, "ఫారిన్‌ది ఎందుకు, మన ఉడుమునే పెంచుకుందాం" అని ఎవరైనా జోక్ వేస్తే నవ్వకండి. మన ఉడుమూ, సుందర్బన్స్‌లో, భితర్‌కనికాలో నీళ్ళలో తిరిగే నీటి ఉడుమూ రెండూ ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టుకుంటే కనీసం మూడేళ్ళ జైలు.

అయితే నేను వద్దనడానికి అసలు కారణం చట్టం కాదు. లెక్క.

వాటర్ డ్రాగన్ బాగా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది. నాకిప్పుడు 19. ఇవాళ ఒక పిల్లని కొంటే, అది నిండు ఆయుష్షు బతికితే, అది పోయేనాటికి నాకు 34. ఈ మధ్యలో ఏమేం జరగాలో చూడండి. బీటెక్ అవ్వాలి, ఉన్న బ్యాక్‌లాగ్ పోవాలి, ప్లేస్‌మెంట్ రావాలి, బెంగళూరులోనో పుణేలోనో ఏదో పీజీలో చేరాలి, లేదంటే ఎంఎస్ అని వీసా ఇంటర్వ్యూకి వెళ్ళాలి, పెళ్ళి చేసుకోవాలి. వీటిలో ఒక్కదానికైనా ఆరడుగుల అద్దాల పెట్టె అడ్డం రాకుండా ఉంటుందా?

మా ఇంట్లో అదే జరిగింది. నేను అక్కడ ఉన్న ఐదో వారంలో అన్నయ్యకి ఆన్‌సైట్ వచ్చింది. రెండేళ్ళు డల్లాస్. ఇల్లంతా స్వీట్లు. రాత్రి భోజనాల దగ్గర పెద్దనాన్న నెమ్మదిగా అడిగారు, "మరి దాని సంగతేంట్రా?"

ఎవరూ మాట్లాడలేదు. అమ్మేద్దామంటే ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. అన్నయ్య ఒక్క క్షణం "ఏదైనా చెరువులో వదిలేస్తే..." అని మొదలుపెట్టి తనే ఆపేశాడు. అలా వదిలేసినవాళ్ళ పుణ్యమే హాంకాంగ్‌లో, తైవాన్‌లో వాటర్ డ్రాగన్లు అడవిలో స్థిరపడిపోయాయి. తైవాన్‌లోనే పెంపుడు ఇగ్వానాలు పొలాల మీద పడితే మనుషుల్ని పెట్టి వేటాడిస్తున్నారు. ఫ్లోరిడాలో చలి ఎక్కువైన రోజు ఇగ్వానాలు కొయ్యబారి చెట్ల మీంచి పడతాయని 2020 జనవరిలో వాతావరణ శాఖే జనానికి హెచ్చరిక ఇచ్చింది. మన దేశంలో కూడా అక్వేరియం షాపుల ఎర్రచెవి తాబేళ్ళు చెరువుల్లో తేలుతున్నాయి. వదిలేయడం విడుదల కాదు. మన బరువుని ఊరి నెత్తిన పెట్టడం.

అన్నయ్య నా వైపు చూశాడు. "నువ్వు తీసుకుంటావేంట్రా? నీకు అన్నీ తెలుసు కదా." ఆరు వారాలు దానికి సేవ చేసినవాణ్ణి, అద్దం మీద దాని రక్తపు చారలు తుడిచినవాణ్ణి. నేను ప్లేటులోకి చూస్తూ "హాస్టల్ కదా అన్నయ్యా, కుదరదు" అన్నాను. నిజమే, కుదరదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు నాలో కొంచెం ఊరట కూడా ఉంది. అది ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

చివరికి పెద్దమ్మే అంది, "సరేలేరా, నేను చూస్తాను. తొండే కదా."

ఇప్పుడు చిట్టిని చూసుకుంటున్నది పెద్దమ్మ. మోకాళ్ళ నొప్పులతో రోజూ నీళ్ళ తొట్టి కడుగుతుంది. జన్మలో బొద్దింకని చూస్తే చెప్పు తీసే మనిషి, ఇప్పుడు బొద్దింకలకి తోటకూర తరిగి పెడుతోంది. అద్దాల పెట్టె తీసేసి ప్లైవుడ్ గోడలతో పెద్ద గూడు చేయించారు, ముందువైపు ఉన్న అద్దానికి కింద అడుగు ఎత్తు వరకు రంగు కాయితం అంటించారు. అడ్డం ఉందని తెలిస్తే కొట్టుకోవడం తగ్గుతుంది. తగ్గింది కూడా. ముక్కు మానింది గానీ మూతి కొంచెం వంకరగానే మిగిలిపోయింది. రెండు రోజులు బంధువుల ఊరు వెళ్ళాలన్నా పెద్దమ్మకి కుదరట్లేదు. పోయిన నెల మా ఇంట్లో శుభకార్యానికి పెద్దనాన్న ఒక్కరే వచ్చారు.

ఇక్కడే నా అభిప్రాయం. మన వయసులో మనం కొనే ఏ జీవినైనా పెంచేది మనం కాదు, మన అమ్మలు. మనం పేరు పెడతాం, ఫోటోలు తీస్తాం, కొన్నాళ్ళు సెన్సార్లు కూడా పెడతాం. తర్వాత ఉద్యోగం వస్తుంది. మిగిలిన పన్నెండేళ్ళు, ఎప్పుడూ అడగని ఒక మనిషీ, ఎప్పుడూ ఒప్పుకోని ఒక జీవీ ఒకే ఫ్లాట్‌లో కట్టుబడిపోతారు. కాబట్టి కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే వదిలేయకండి. నమోదు చేయించండి, బల్బు మార్చండి, అద్దానికి కాయితం అంటించండి, డాక్టర్ నంబరు ముందే రాసిపెట్టుకోండి. దానిమీద అంత ఇష్టం ఉంటే ఎప్పుడో ఒకసారి వియత్నాం వెళ్ళి వాగు పక్కన చూద్దాం. ఐయూసీఎన్ దాన్ని అపాయం అంచున ఉన్న జాబితాలో పెట్టింది. అడవులు పోతున్నాయి, తినడానికీ అమ్మడానికీ పడుతున్నారు. మనం వెళ్ళేసరికి ఆ కొమ్మలూ, అవీ ఉండాలంటే ఇక్కడ మన చందా డబ్బులు ఆ షాపుకి వెళ్ళకూడదు.

రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. "సరే మామా, మరి చూడాలనిపిస్తే?" అన్నాడు. మన మెస్ వెనకాల పిట్టగోడ మీద రోజూ పదింటికి ఒక తొండ వస్తుంది. వానాకాలం మొదట్లో మెడ ఎర్రగా చేసుకుని తల ఊపుతూ ఉంటుంది. చిన్నప్పుడు మమ్మల్ని వెక్కిరిస్తోందని రాళ్ళు వేసేవాళ్ళం. చిట్టి కూడా అచ్చం అలాగే ఊపేది, వాళ్ళిద్దరిదీ ఒకే కుటుంబం మరి. నిన్న మేమిద్దరం టీ గ్లాసులు పట్టుకుని పావుగంట నిలబడి చూశాం. దాని వైపు ఒక అడుగు వేయగానే గోడ అవతలికి దూకి మాయమైపోయింది.

మధ్యలో అద్దం లేదు. హాయిగా అనిపించింది.